నాలుగొందల న్యూట్రాన్లు

ఏడో ఏడు సగం గడిచినా ఏసుపాదానికి డాక్టరేటు రాలేదు. కారణం పెద్దదేమీ కాదు. అతని మిషన్ సున్నా చూపించేది.

ఆ మిషన్ చూడడానికి ఒక స్టీలు పీపా. అందులోని గాలి మొత్తం తోడేసి, భారజలం నుంచి తీసిన డ్యుటీరియం అనే వాయువు చిటికెడు వదులుతారు. పక్క గదిలో ఇరవై నాలుగు కెపాసిటర్లు, ఒక్కోటి బియ్యం డబ్బా అంత, వరసగా నిలబడి కరెంటు దాచుకుంటాయి. బటన్ నొక్కగానే దాచుకున్నదంతా ఒక్కసారిగా కక్కేస్తాయి. అప్పుడు పీపాకి రెండు వైపుల నుంచీ అణువుల పుంజాలు దూసుకొచ్చి నడిమధ్యలో గుద్దుకుంటాయి. సూర్యుడి కడుపులో జరిగేదాన్ని ఇక్కడ రేకుల షెడ్డులో జరిపించాలని వీళ్ల తాపత్రయం. గుద్దుకున్నవాటిలో ఏ రెండైనా కలిసి ఒకటైతే, కలిసినందుకు గుర్తుగా న్యూట్రాన్ అనే రేణువు ఒకటి బయటికి ఎగిరొస్తుంది. పీపా దగ్గర పెట్టిన కౌంటర్ దాన్ని పట్టుకుని లెక్కపెడుతుంది.

బటన్ ఒక్కసారి నొక్కితే ఒక షాట్ పేలినట్టు. ఆరున్నరేళ్లలో ఏసుపాదం మూడు వేల పైచిలుకు షాట్లు పేల్చాడు. కౌంటర్ ఒక్కదాన్నీ పట్టుకోలేదు. పేల్చడం, సున్నా చూడడం, రిజిస్టర్లో రాయడం, మళ్లీ పేల్చడం. అతనితో పాటు చేరినవాళ్లలో ఒకడు బ్యాంకులో మేనేజరయ్యాడు. ఇంకొకామె బెంగళూరులో ఇల్లు కొనుక్కుంది. ఏసుపాదం మాత్రం కర్నూలు అవతల నల్లరాతి గుట్టల మధ్య ఆ షెడ్డులోనే ఉండిపోయాడు. ఏసీ కెపాసిటర్ల గదికి ఉంది. మనుషులకు ఫ్యాను ఉంది.

అతని గురువు అలివేలు మేడం. ఆ పీపాకి మొదటి డ్రాయింగు గీసింది ఆవిడే. అది ఇరవై రెండేళ్ల కిందటి మాట. అనంతపురం మనిషి, మాట తక్కువ. మోకాళ్లు అరిగాయి, షుగరొచ్చింది, కంట్లో శుక్లం ముదిరింది, రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలుంది. షెడ్డులో ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. షాట్ పేలాక కౌంటర్ మీది అంకెను రిజిస్టర్లో రాసేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ముందు రాయాలి, తరవాతే అబ్బా అనుకోవడమైనా, అమ్మయ్య అనుకోవడమైనా.

ఒకరోజు మధ్యాహ్నం, పద్నాలుగో సున్నా రాశాక, ఏసుపాదం పెన్ను పడేసి అడిగాడు.

"మేడం, మీకు విసుగు రాదా?"

"ఏంటికి రాదు? దినామూ వస్తాది."

"మరి ఏం చేస్తారు?"

"రానీ అప్పా. వస్తే ఓ పక్కన కూర్చుంటాది. మన పని మనం చేసుకుందాం."

ఆ మాటకు ఏసుపాదానికి ఓదార్పు కలగలేదు సరికదా, ఒళ్లు మండింది. ఆవిడ విసుగుని పక్కన కూర్చోబెడుతుంది, ఆవిడకు ఉద్యోగం ఉంది, పెన్షనుంది. తనకేముంది? స్కాలర్‌షిప్ గడువు ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి ఉండదని కాగితం మీదే రాసిచ్చారు. ఆ నెలాఖరుకి నిధుల కమిటీ వస్తుంది. న్యూట్రాన్లు కనబడితే మిషన్‌కి ఇంకో మూడేళ్లు ఆయుష్షు, అతనికి థీసిస్సు. కనబడకపోతే కెపాసిటర్లు ఇంకో ప్రయోగశాలకు వెళ్లిపోతాయి, పీపా తుక్కులోకి పోతుంది. అతను ముప్పై మూడేళ్ల వయసులో ఎమ్మెస్సీ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూలకు తిరగాలి.

ఆ వారంలోనే అలివేలు మేడం కంటి ఆపరేషన్‌కి మూడు వారాలు సెలవు పెట్టింది.

మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆసరాయే. ఏసుపాదం కౌంటర్ని పీపాకి దగ్గరగా జరిపి చూద్దామనుకున్నాడు. కౌంటర్ అంటే మూరెడు గొట్టం. ఒక న్యూట్రాన్ లోపలికి దూరితే చిటుక్కుమని రవ్వంత కరెంటు పుడుతుంది. ఆ చిటుకు కేబుల్ వెంబడి ఇవతలి గదిలోకి వచ్చి, డబ్బా మీద ఎర్రటి అంకెగా వెలుగుతుంది. అంతవరకు గొట్టం రెండు గజాల దూరంలో ఉండేది. అతను దాన్ని జానెడు దూరానికి తెచ్చాడు. పాత కేబుల్ పొడుగు చాలలేదు. మూడింటికి కరెంటు పోతుందని ముందే చెప్పారు కాబట్టి, భోజనం మానేసి రెండు గంటలకల్లా కొత్త కేబుల్ అతికించి తగిలించాడు. పేల్చాడు.

మూడు వందల ఎనభై ఎనిమిది.

కెపాసిటర్లు చూసుకునే బషీర్ నియమం మరిచి "యా అల్లా" అన్నాడు. ఏసుపాదం రాశాడు. మళ్లీ పేల్చాడు. నాలుగు వందల పన్నెండు. మళ్లీ. నాలుగు వందల ఒకటి. ఆ సాయంత్రం అతను బస్సెక్కి ఊళ్లోకి వెళ్లి రెండు కేజీల కాజాలు తెచ్చి షెడ్డు వాచ్‌మన్‌తో సహా అందరికీ పంచాడు.

ఆ మూడు వారాలూ అతను నేల మీద నడవలేదు. వోల్టేజి పెంచితే అంకె పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. సిద్ధాంతం ఏం చెబుతుందో మిషన్ అదే చేస్తోంది. గ్రాఫు గీస్తే గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మేడంకి ఫోన్ చేశాడు.

"వచ్చాయి మేడం! నాలుగొందలు!"



"వచ్చినాక చూస్తా అప్పా," అందావిడ. "కంటికి కట్టుండాది."

ఏసుపాదానికి అది ముల్లులా గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లుగా తాను చూడనిది శిష్యుడు చూశాడంటే ఎవరికైనా కాస్త కష్టంగానే ఉంటుంది కాబోలు, అనుకున్నాడు. ఆవిడకు చూపించకుండానే పరిశోధన సారాంశం రెండు పేజీలు రాసి కమిటీకి పంపేశాడు. మొదటి వాక్యంలోనే నాలుగొందలు పెట్టాడు.

కమిటీ గురువారం వస్తుందనగా, సోమవారం పొద్దున అలివేలు మేడం నల్ల కళ్లద్దాలతో షెడ్డుకి వచ్చింది. బషీర్ పరుగున వెళ్లి కుర్చీ తెచ్చాడు. ఏసుపాదం, ఆవిడ కోసం దాచిన కాజా ముందు పెట్టాడు. ఆవిడ గోరంత తుంచి నోట్లో వేసుకుని, మిగతాది బషీర్‌కి ఇచ్చింది.

"ఏదీ, పేల్చు," అంది.

పది షాట్లు పేల్చారు. ఆవిడ రిజిస్టర్ తనే ముందుకి లాక్కుని, కాగితానికి ముక్కు ఆనించి రాసింది. మూడు వందల తొంభై ఆరు. నాలుగు వందల తొమ్మిది. ఆవిడ ముఖంలో సంతోషమూ కనపడలేదు, అనుమానమూ కనపడలేదు. పదోది రాశాక పెన్ను మూసింది.

"ఏసుపాదం, సున్నా వచ్చిన దినం ఏం చేసేవాడివి?"

"ఏం చేస్తాను మేడం? మొత్తం వెతికేవాణ్ణి. కేబుళ్లు విప్పి చూసేవాణ్ణి. ఎర్తింగు చూసేవాణ్ణి. గ్యాసు సిలిండరు మార్చేవాణ్ణి. గొట్టం పాడైందేమోనని వేరే గొట్టం పెట్టేవాణ్ణి. పంపు ఆయిలు మార్చేవాణ్ణి. మీకు తెలుసుగా, పీపా కింద దూరి దూరి నా వీపు చెక్కుకుపోయింది."

"ఊఁ. నాలుగొందలు వచ్చిన దినం?"

 బషీర్ కిందికి చూశాడు.

"కాజాలు తెచ్చాను," అన్నాడు ఏసుపాదం.

 ఏసుపాదానికి సిగ్గేసింది. ఆ సిగ్గు మరుక్షణం కోపమైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడికి కోపమొక్కటే ఆసరా.

"వోల్టేజితో పాటు పెరుగుతున్నాయి మేడం. సిద్ధాంతంతో సరిపోతోంది. ఇంకేం కావాలి మీకు? మీరు లేనప్పుడు వచ్చాయనా?"

అని, అన్నందుకు అప్పుడే బాధపడ్డాడు. ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని మెల్లిగా లేచింది.

మిషన్ గదిలోకి వెళ్లేముందు, కొక్కెం ఉన్న పొడుగాటి ఎర్త్ రాడ్డు తీసి కెపాసిటర్లను ఒక్కొక్కదాన్నే తాకించింది. మిగిలిపోయిన కరెంటు ఏదన్నా ఉంటే నేలలోకి పోవాలని. ఇరవై నాలుగూ తాకించింది, ఒక్కటీ వదల్లేదు. తరవాత కౌంటర్ దగ్గరకి వెళ్లి, దానికి వచ్చే సప్లై ఆపి, గొట్టాన్ని మర తిప్పి ఊడదీసింది. కేబుల్ని మాత్రం అక్కడే, ఉన్నచోటే వదిలేసింది. గొట్టాన్ని కొంగులో చుట్టుకుని ఇవతలి గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది.

"పేల్చు బషీరూ," అంది.

బషీర్ ఏసుపాదం వంక చూశాడు. గంట కొట్టాడు. మిషన్ గదిలో ఎవరూ ఉండొద్దని హెచ్చరిక అది. ఛార్జింగ్ మొదలైంది. సన్నటి కూత నెమ్మదిగా పైకి లేచింది. ఏసుపాదం మేడం ఒళ్లోని గొట్టాన్నే చూస్తున్నాడు. న్యూట్రాన్‌ని పట్టుకోవలసింది అదే. ఇప్పుడు కేబుల్ కొసన ఏమీ లేదు.

షాట్ పేలింది.

ఎర్రటి అంకె వెలిగింది. మూడు వందల తొంభై ఒకటి.

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు. రాయందే మాట్లాడకూడదు. అలివేలు మేడం రిజిస్టర్ని ఏసుపాదం వైపు జరిపింది. అతను పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. బషీర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మేడం తొందర పెట్టలేదు. గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఎంతసేపయిందో తెలీదు, ఏసుపాదం రాశాడు. గొట్టం లేదు. మూడు వందల తొంభై ఒకటి.

రాసి, తల బల్ల మీద ఆనించి ఏడ్చాడు. ముప్పై మూడేళ్ల మగవాడు బషీర్ ముందర ఏడవడమేమిటన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. అలసట ఒక్కోసారి అంతే, అదను చూసి అంతా ఒకేసారి మీద పడుతుంది.

అలివేలు మేడం వీపు నిమరలేదు, ఊరుకో అనలేదు. ఏడుపు తగ్గాక, "కేబుల్ తీసుకురాప్పా," అంది.

కేబుల్ లోపల నడిమధ్యన సన్నటి తీగ ఉంటుంది. దాని చుట్టూ రాగి జాలీ ఉంటుంది. బయటి కరెంటు గోల లోపలి తీగకు తగలకుండా ఆ జాలీయే అడ్డం. ఏసుపాదం బ్లేడుతో చివరి తొడుగు కోసి చూశాడు. జాలీ కొసను మొత్తం కత్తిరించేసి, దేనికీ అతికించకుండా, పైన నల్ల తొడుగు తొడిగేసి ఉంది. ఎవరు చేశారని అడగక్కర్లేదు. భోజనం మానేసి, కరెంటు పోకముందే అయిపోవాలని తొందరపడ్డ చెయ్యి అది. కెపాసిటర్లు కక్కినప్పుడు పుట్టే గోల అంతా ఆ కేబుల్లోకి దూరింది. డబ్బా ఆ గోలని లెక్కపెట్టింది. వోల్టేజి పెంచితే గోల పెరుగుతుంది కాబట్టి అంకె పెరిగింది. సిద్ధాంతంతో సరిపోయింది.

"సోల్డరింగు నేర్పించింది మీరే మేడం," అన్నాడు ఏసుపాదం.

"బాగానే నేర్పిస్తి," అందావిడ. "ఆకలైనప్పుడు చేయగూడదని చెప్పడం మరిస్తి."

ఆ మాటకి బషీర్ నవ్వాడు. ఏసుపాదం కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే అతను ఇంకో కేబుల్ చేశాడు. ఈసారి అన్నం తిని చేశాడు. మేడంకి కన్ను ఆనదు కాబట్టి కొసను బొటనవేలితో తడిమి చూసి, మూడుసార్లు వెనక్కిచ్చి, నాలుగోసారి ఊఁ అంది.

మంగళవారం, బుధవారం వాళ్లు అరవై షాట్లు పేల్చారు. ఒక్కోదానికి ఏడెనిమిది నిమిషాలు. గంట కొట్టడం, బయటికి రావడం, పేల్చడం, రాయడం, ఎర్త్ రాడ్డు తాకించడం. ముందు గొట్టం తీసేసి ఇరవై. అన్నీ సున్నాలే. ఆరున్నరేళ్లలో సున్నాను చూసి ఏసుపాదం ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. తరవాత గొట్టం పెట్టి, డ్యుటీరియంకి బదులు మామూలు హైడ్రోజన్ వదిలి ఇరవై. అది గుద్దుకున్నా న్యూట్రాన్ రాదు. అవీ సున్నాలే.

ఆఖరి ఇరవై, గొట్టం పెట్టి, డ్యుటీరియం వదిలి.

సున్నా. సున్నా. ఒకటి.

ఏసుపాదం రాశాడు. సున్నా. రెండు. సున్నా. సున్నా. బుధవారం నాలుగున్నరకి ఇరవయ్యోది అయిపోయింది. మొత్తం కలిపితే ఏడు.

"గొట్టం దగ్గరగా జరపడం మంచి పనే చేస్తివి," అంది అలివేలు మేడం. "నాకు తట్టలేదు."

ఇరవై రెండేళ్లలో ఆ పీపాలోంచి వచ్చి పట్టుబడిన మొట్టమొదటి నిజమైన న్యూట్రాన్లు అవి. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆపరేషనైన కన్ను ఎర్రగా ఉంది. అది మందు వల్లో, మరి దేనివల్లో ఏసుపాదం అడగలేదు. అతని బాధ అతనికుంది. ఏడు. ఇరవై షాట్లకి ఏడు. కమిటీ చేతుల్లో ఉన్న కాగితం మీద నాలుగొందలని రాసుంది.

బషీర్ టీకి వెళ్లాడు. బల్ల మీద రెండు కేబుళ్లున్నాయి. కొత్తది సరైనది. పాతది, ఏసుపాదం కోసిన తొడుగుతో సహా. కోసింది తొడుగే కాబట్టి టేపు చుడితే మళ్లీ పనిచేస్తుంది. గదిలో ఇద్దరే ఉన్నారు. ఏసుపాదం చాలాసేపటి నుంచి నోట్లో నానుతున్న మాటను బయటపెట్టాడు.

"మేడం, ఒక్క మాట. తిట్టకుండా వినండి. రేపు ఏడని చెబితే మిషన్ పోతుంది. మిషన్ పోతే ఈ ఏడు కూడా పోతాయి. రేపొక్క రోజు నాలుగొందలు చూపిద్దాం. వాళ్లకి తెలీదు, గ్రాఫు కూడా సరిపోతుంది. మూడేళ్లు గడువు వస్తుంది. ఆ మూడేళ్లలో నేను ఈ ఏడుని డెబ్బై చేస్తాను, ఏడొందలు చేస్తాను. అప్పుడు అబద్ధం ఎక్కడుంటుంది?"

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ డ్రాయరు లాగి కట్టింగ్ ప్లయర్ బయటికి తీసింది. పాత కేబుల్ని రెండు ముక్కలు చేస్తుందని అతనికి అర్థమైంది. ఒక బరువు దిగినట్టనిపించింది. ఆవిడ ప్లయర్‌తో తన చెప్పు బకిల్‌కి ఊడొస్తున్న పిన్నును నొక్కి సరిచేసుకుని, ప్లయర్ని మళ్లీ డ్రాయరులో పెట్టేసింది.

రెండు కేబుళ్లనూ పక్కపక్కనే చుట్టలు చుట్టి బల్ల మీద పెట్టింది.

"రేపు నువ్వే తగిలించప్పా. నా కన్ను ఆనదు," అంటూ సంచీ భుజానికి తగిలించుకుంది.

"పాతది పారేస్తారనుకున్నాను," అన్నాడు ఏసుపాదం.

"నేను పారేస్తే నువ్వు చేసేదేముండాది?"

గడప దగ్గర రెండు మెట్లున్నాయి. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కొక్కటీ దిగి, బస్సుకి వెళ్లిపోయింది. ఏసుపాదం ఆ రెండు చుట్టల ముందు కూర్చుండిపోయాడు. బషీర్ తెచ్చిన టీ మీద మీగడ కట్టింది.

గురువారం పదకొండు గంటలకు కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, రెండు కార్లు. పెద్దాయన పేరు జోగారావు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఆ నెలలో అది అతను చూస్తున్న ఆరో ప్రయోగశాల. ఎండకి ముఖం కందిపోయింది. అందరూ చెప్పేది ఒక్కటే కాబట్టి చెవులు అలిసిపోయాయి. ఏసుపాదం పంపిన రెండు పేజీలు చేతిలో పెట్టుకుని విసురుకుంటున్నాడు.

"నాలుగొందలన్నారు," అన్నాడు. "చూపించండి."

ఏసుపాదం అంతకుముందే లోపలికి వెళ్లి కేబుల్ తగిలించి వచ్చాడు. ఏది తగిలించాడో అలివేలు మేడం అడగలేదు. మూలన కుర్చీలో గోడకి తల ఆనించుకుని కూర్చుంది. బషీర్‌కి కూడా తెలీదు. గంట కొట్టాడు.

షాట్ పేలింది. కమిటీలో ఒకాయన "ఎంతొచ్చింది?" అనబోతే బషీర్ చెయ్యెత్తి ఆపాడు. ఏసుపాదం వంగి రాశాడు.

"సున్నా సార్," అన్నాడు.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రెండో షాట్ కూడా సున్నాయే. మూడోది పేలింది. ఏసుపాదం రాశాడు.

"ఒకటి."

"ఒకటి," అన్నాడు జోగారావు. చేతిలోని కాగితం విప్పి చూశాడు. "మరి ఇందులో నాలుగొందలు?"

"అవి న్యూట్రాన్లు కావు సార్, కేబుల్లో దూరిన గోల. ఆ కేబుల్ నేనే తప్పుగా అతికించాను. చూసుకోకుండా మీకు రాసి పంపాను. మేడం ఆ కాగితం చూడలేదు. తప్పు నాది."

"కొండ తవ్వి ఎలుకను పట్టారన్న మాట."

"అవును సార్," అన్నాడు ఏసుపాదం. "ఎలుక మాత్రం నిజం."

జోగారావు నవ్వలేదు. చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నాలుగొందలు చూసి మిషన్‌కి గడువు ఇద్దామని వచ్చాం," అన్నాడు. "ఒకటి చూసి ఇవ్వడం కష్టం. ముందే చెబుతున్నాను, ఆశ పెట్టుకోవద్దు."

"తెలుసు సార్."

జోగారావు మూల కుర్చీ వైపు తిరిగాడు. ఎవరేం చెప్పినా, చివరికి ఆ పీపా ఆవిడది.

"అలివేలమ్మగారూ, ఇరవై రెండేళ్లు పనిచేశారు. మీరు చెప్పండి. ఈ ఒకటి నమ్మమంటారా?"

అలివేలు మేడం కళ్లు తెరిచింది.

"నన్నడుగుతారేంది సార్?" అంది. "లెక్కపెట్టినాయన అక్కడుండాడు కదా."

జోగారావు ఒక క్షణం ఆవిడ వంక చూసి, తరవాత ఏసుపాదం వంక చూశాడు. ఖాళీ స్టూలు ఒకటి లాక్కుని రిజిస్టర్ ముందు కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు.

"మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు. "గొట్టం తీసేసి ఎన్ని పేల్చారు?"

"ఇరవై సార్. ఇదిగో, మంగళవారం పొద్దున మొదలుపెట్టాం..."

పేజీ తిప్పుతూ ఏసుపాదం ఒకసారి మూలకి చూశాడు. అలివేలు మేడం తల పక్కకి వాలింది. నల్లద్దాలు ముక్కు మీదికి జారాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. కమిటీ ముందు, రేకుల కింద, ఆ ఉక్కపోతలో, ఆవిడ నిద్రపోతోంది.

ఏసుపాదం గొంతు తగ్గించి, మిగతాది చెప్పాడు.